ఓటీపీ చెప్పలేదు, అయినా డబ్బు పోయింది

బ్యాంకు గోడ మీద అదే మాట. ఏటీఎంలో అదే మాట. కొన్నాళ్లు ఎవరికి ఫోన్ చేసినా రింగు కంటే ముందు అలాంటి మాటలే వినిపించాయి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. అనంతపురంలో పెన్షన్ తీసుకునే అవ్వలకు కూడా ఇప్పుడు ఈ మాట కంఠతా వచ్చు. అందుకు నాకు సంతోషమే. అయితే మా షాపుకు వచ్చి, బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి కౌంటరు మీద పెట్టి, కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చునేవాళ్లు కొందరుంటారు. వాళ్లు నోరు తెరిస్తే ముందుగా వచ్చే మాట "నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదు సార్" అనే.

నేను నమ్ముతాను. వాళ్లు నిజంగానే చెప్పలేదు. వాళ్ల నోటితో చెప్పించుకోవాల్సిన పని దొంగకు పడలేదు.

సుభాష్ రోడ్డుకు దగ్గర్లో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే షాపు నాది. ఓటీపీ గురించి ఇంత ప్రచారం జరిగింది కానీ స్క్రీన్ గురించి ఎవరూ అంత గట్టిగా చెప్పడం లేదు, అందుకే ఇది రాస్తున్నాను. కంప్యూటర్ కంపెనీ నుంచి అంటూ, కస్టమర్ కేర్ నుంచి అంటూ జరిగే మోసాల్లో ముందు పోయేది స్క్రీన్, అంటే మీ తెరను దూరం నుంచి చూసే, నడిపే వీలు. అది వాళ్ల చేతికి వెళ్లాక మీరు ఓటీపీ దాచుకున్నా ఒకటే, దాచుకోకపోయినా ఒకటే. పైగా ఆ ప్రచారం పుణ్యమా అని, మోసపోయిన మనిషి కనిపిస్తే చాలు ఊరంతా ఒకే ప్రశ్న అడుగుతోంది: "ఓటీపీ చెప్పినావా?" ఆ ప్రశ్న వల్ల డబ్బు నష్టం ఇంకా పెరుగుతోందని నా వాదన. ఎలాగో చెబుతాను.

ఊళ్లోనే ఉండే ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారి సంగతి. కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో భార్యాభర్తలిద్దరే. ఆయన ఏదో సైట్ చూస్తుంటే తెర మొత్తం ఎర్రగా మారింది, సైరన్ మోత మొదలైంది, మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని వచ్చింది. మూసేద్దామంటే మూసుకోవడం లేదు. ఆ మోతకు టెన్షన్ పడి ఫోన్ చేశారు. అవతలి మనిషి చక్కటి తెలుగులో, మాటకు ముందొక సార్, వెనకొక సార్ పెట్టి మాట్లాడాడు. కీబోర్డు మీద విండోస్ బటన్, ఆర్ అక్షరం కలిపి నొక్కించి, ఒక మాట టైప్ చేయించి, ఈవెంట్ వ్యూయర్ అనే కిటికీ తెరిపించాడు. అందులో వరసగా ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు. "చూశారా సార్, ఇవన్నీ హ్యాకర్లు చేసిన పనులే" అన్నాడు.

"నా కళ్లారా చూసినానప్పా, అబద్ధమెట్లయితాది?" అని అడిగారాయన నన్ను.

ఆ రోజు వేరే కస్టమర్ కోసం కొత్త ల్యాప్‌టాప్ ఒకటి సెటప్ చేస్తున్నాను. సీలు విప్పి గంట కూడా కాలేదు. అందులో అదే కిటికీ తెరిచి ఆయన వైపు తిప్పాను. అవే ఎర్ర గుర్తులు, అవే పసుపు గుర్తులు. ఆయన కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, తెరకు దగ్గరగా వంగి ఒక్కో వరుసా చదివారు. తర్వాత "దీన్ని ఇప్పుడే డబ్బాలోంచి తీసినావు కదా, దీంట్లో ఇన్ని తప్పులు యాడనుంచి వచ్చె?" అన్నారు.

ఈవెంట్ వ్యూయర్ అంటే కంప్యూటర్ తనకు తాను రాసుకునే డైరీ లాంటిది. వైఫై ఒక్క క్షణం పోయింది, ఫలానా సర్వీసు ఆలస్యంగా మొదలైంది, ప్రింటర్ దొరకలేదు, ఇలాంటివన్నీ అందులో నమోదవుతాయి. ఏ లోపమూ లేకుండా నడిచే కంప్యూటర్‌లోనూ ఎర్ర గుర్తులుంటాయి. ఇంకో ఎత్తు కూడా ఉంది. నల్లటి కమాండ్ తెర తెరిపించి ఒక ఆదేశం టైప్ చేయిస్తారు. పొడవాటి జాబితా వస్తుంది. చివర్లో ఉన్న ఒక పెద్ద నంబరు చూపించి, "ఇది మీ కంప్యూటర్‌కు మాత్రమే ఉండే లైసెన్స్ నంబర్, నేను చదువుతాను సరిచూసుకోండి" అంటారు. 888డీసీఏ60 అని మొదలుపెట్టి తడుముకోకుండా చదివేస్తారు. అక్షరం పొల్లుపోదు. ఎందుకు పోతుంది? ఆ నంబరు ప్రపంచంలోని విండోస్ కంప్యూటర్లన్నిటిలోనూ ఒకటే. మీకు చదివిందే మీ పక్కింటివాళ్లకూ చదువుతారు.

ఈ రెండు సంగతులూ తెలిస్తే చాలామంది అక్కడే ఆగిపోతారు. అందుకే మా షాపులో ల్యాప్‌టాప్ కొన్న ప్రతివాళ్లకూ ఆ కిటికీ తెరిచి చూపించాకే చేతికిస్తున్నాను. రెండు నిమిషాల పని. మిగతా షాపులవాళ్లు కూడా చేస్తే బాగుంటుంది.

మైక్రోసాఫ్ట్ ఈ విషయంలో స్పష్టంగానే చెప్పింది. తను చూపించే హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు, తనంతట తాను ఫోన్ చేసి రిపేరు చేస్తామని అడగదు. కాబట్టి నంబరుతో వచ్చిన హెచ్చరిక ఏదైనా దొంగదే. ఆ ఎర్ర తెర వైరస్ కూడా కాదు. మామూలు వెబ్ పేజీనే తెర నిండా పరిచి, మోత జోడిస్తారు. ఎస్కేప్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే చాలాసార్లు తెర చిన్నదవుతుంది. కాకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. అదీ పనిచేయకపోతే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి, ఏమీ కాదు. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తెరవాలా అని బ్రౌజర్ అడిగితే మాత్రం వద్దనండి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఎర్ర గుర్తులు చూపించాక ఆ మనిషి హెడ్మాస్టరు గారి చేత దూరం నుంచి కంప్యూటర్ నడిపే యాప్ ఒకటి వేయించాడు. సెక్యూరిటీ కోసం ఫోన్ కూడా కలపాలని ఫోన్‌లోనూ వేయించాడు. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు పది రూపాయలే అన్నాడు. బ్యాంకు పేజీ లాగే ఉన్న పేజీ తెరిచి ఇచ్చాడు. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఆయనే టైప్ చేశారు. ఓటీపీ ఫోన్‌కు వచ్చింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఫోన్ తెర అవతలివాడికి కనిపిస్తూనే ఉంది. చదువుకున్నాడు, అంతే.

ఇలా జరుగుతుందని తెలియక కాదు. ఎనీడెస్క్ యాప్‌తో ఫోన్‌ను చేతిలోకి తీసుకుని యూపీఐ ద్వారా డబ్బు లాగుతున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. అన్నేళ్ల కిందటి హెచ్చరిక జనం దాకా ఓటీపీ మాటంత బలంగా ఎందుకు రాలేదు? బ్యాంకు గోడల మీద ఓటీపీ పక్కనే "మీ స్క్రీన్ ఎవరికీ చూపించొద్దు" అని పెద్ద అక్షరాల్లో ఎందుకు లేదు? ఇది బ్యాంకులను నేను గట్టిగానే అడుగుతున్నాను.

అలాగని ఆ యాప్‌లను తిట్టి లాభం లేదు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ దొంగలు తయారుచేసినవి కావు. మన ఊళ్లో ఏ బట్టల షాపు, ఏ ఎరువుల షాపు కంప్యూటర్ తెరిచినా వాటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లు ప్రింటు కాకపోతే సపోర్ట్ అబ్బాయి ఫోన్‌లోనే "అన్నా, ఎనీడెస్క్ ఐడీ చెప్పు" అంటాడు. చెబుతారు. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. నేనూ కళ్యాణదుర్గంలో ఉన్న కస్టమర్‌కు ఇక్కడి నుంచే అట్ల చేసిపెడతాను. బెంగళూరులో ఉన్న కొడుకు ఇక్కడున్న నాన్నకు రైలు టికెట్ బుక్ చేయాలన్నా అదే దారి. కాబట్టి ఆ తొమ్మిదో పదో అంకెల ఐడీ చదివి చెప్పడం మనవాళ్లకు అలవాటైన పని. దొంగ కొత్తగా ఏమీ అడగడం లేదు, అలవాటైనదే అడుగుతున్నాడు. అందుకే "కంప్యూటర్ తెలియనివాళ్లే మోసపోతారు" అనే మాటను నేను ఒప్పుకోను. హెడ్మాస్టరు గారికి ఆ యాప్ వేసి నేర్పింది కొడుకే. తెలిసినవాళ్లే తొందరగా వేసుకుంటారు.

మరి తేడా ఎక్కడుంది? అవతలి మనిషి ఎవరో మీకు ముందే తెలుసా, లేదా అన్నదాంట్లో. ట్యాలీ అబ్బాయి ముఖం తెలుసు, అతని షాపు ఎక్కడుందో తెలుసు, అతని నంబరు మీ ఫోన్‌లో పేరుతో సహా ఉంది. ఫోన్‌లో పరిచయమైన మనిషికి, ఎంత మర్యాదస్తుడైనా, ఎంత పెద్ద కంపెనీ పేరు చెప్పినా, తెర ఇవ్వకూడదు. మనమే ఫోన్ చేశాం కదా అనే ధైర్యం కూడా పనికిరాదు. ధర్మవరంలో చీరలు అమ్మే ఒకాయనకు యూపీఐలో డబ్బు మధ్యలో ఆగిపోయింది. కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతికి, పైన కనిపించిన నంబరుకు తనే ఫోన్ చేశాడు. అక్కడ ఎత్తింది దొంగే. నెట్‌లో ఎవరైనా ఏ పేరుతోనైనా నంబరు పెట్టుకోవచ్చు. బ్యాంకు నంబరు కార్డు వెనక ఉంటుంది, పాస్‌బుక్ మీద ఉంటుంది. ఫ్రిజ్ కంపెనీది వారంటీ కార్డు మీద ఉంటుంది. యూపీఐ ఫిర్యాదు ఆ యాప్ లోపల ఆ లావాదేవీ మీద నొక్కితేనే వస్తుంది. వెతకాల్సింది అక్కడ.

హెడ్మాస్టరు గారు అన్న ఇంకో మాట నాకు గుర్తుండిపోయింది. "మన తెలుగే మాట్లాడినాడప్పా, మనోడే అనుకుంటి." ఈ మోసం మొదట ఇంగ్లీషులో, అమెరికా వాళ్ల మీద పెరిగింది. ఎక్కువగా మన దేశం నుంచే కాల్స్ వెళ్తున్నాయని 2012లో అక్కడ వినియోగదారుల తరఫున పనిచేసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులు వేసింది. 2023 అక్టోబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరుతో దేశమంతా సోదాలు చేసినప్పుడు, మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదుల మీద టెక్ సపోర్ట్ కాల్ సెంటర్లనూ పట్టుకుంది. 2025 మేలో మన రాష్ట్రంలోనే, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో, అమెరికా వాళ్లను మోసం చేస్తున్న కాల్ సెంటర్ బయటపడింది. 2024లో విశాఖ పోలీసులు వెలికితీసిన కేసు ఇంకా బాధాకరం. ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియా తీసుకుపోయి, అక్కడ కదలనీయకుండా పెట్టి సైబర్ మోసాలు చేయించారు. తెలుగువాళ్లకు ఫోన్ చేయడానికి తెలుగువాళ్లే కావాలి కదా. భాష మనదైనంత మాత్రాన మనిషి మనవాడని అనుకోవడానికి లేదు.

మర్యాద సంగతి కూడా చెప్పాలి. మన వైపు ఇంటికి వచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడం, సార్ అని పిలిచినవాడి ఫోన్ మధ్యలో కట్ చేయం. పెద్దవాళ్లకు అది చాలా కష్టమైన పని. దొంగకు ఇది తెలుసు. "లైన్ కట్ చేయకండి సార్, కట్ చేస్తే మీ డేటా మొత్తం పోతుంది" అంటాడు. "ఎవరికీ చెప్పకండి, హ్యాకర్ మీ ఇంట్లో ఫోన్లు కూడా వింటున్నాడు" అంటాడు. నిజమైన కంపెనీ మనిషి ఎవడూ ఇంట్లోవాళ్లకు చెప్పొద్దని అనడు. ఆ మాట వినగానే కట్ చేసేయాలి. ఊరికే కట్ చేయడానికి మనసొప్పకపోతే "మా అబ్బాయితో మాట్లాడి చేస్తాను" అని పెట్టేయండి. అమ్మానాన్నలకు నేను నేర్పించమనేది ఈ ఒక్క వాక్యం. వాళ్లకు అది అమర్యాదగా అనిపించదు, కాబట్టి వాడతారు.

ఇప్పుడు "ఓటీపీ చెప్పినావా?" అనే ఆ ప్రశ్న దగ్గరికి వస్తాను. హెడ్మాస్టరు గారికి మొదటి రోజు పోయింది సేవింగ్స్ ఖాతాలో ఉన్నంత. మెసేజ్ చూసి ఆయనకు విషయం అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. భార్యకు చెప్పలేదు. కొడుకు తిడతాడని కొడుక్కీ చెప్పలేదు. ధైర్యం చేసి బ్యాంకుకు వెళ్తే కౌంటరులో ఉన్న మనిషి తల ఎత్తకుండానే "ఓటీపీ చెప్పారా?" అన్నాడట. క్యూలో వెనక నిలబడినవాళ్లలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లూ ఉన్నారు. ఏదో పాస్‌బుక్ పనికి వచ్చినట్టు తిరిగి వచ్చేశారు. యాప్ మాత్రం కంప్యూటర్‌లోనూ, ఫోన్‌లోనూ అలాగే ఉంది. ఆయన నిద్రపోతున్నప్పుడు కూడా లోపలికి రావడానికి వాళ్లు పాస్‌వర్డ్ పెట్టుకుని పోయారు. మర్నాడు రాత్రి ఎఫ్‌డీ ఆన్‌లైన్‌లో మూసి ఆ డబ్బు కూడా తీసుకున్నారు.

ఎఫ్‌డీ పోయింది దొంగ తెలివి వల్ల ఎంతో, ఆ సిగ్గు వల్ల అంత. దీనికి డబ్బు లెక్క కూడా ఉంది. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారుడి నిర్లక్ష్యం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకు చెప్పేవరకూ నష్టం ఆయనదే. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. తప్పు మన వైపు లేకుండా బయటివాళ్ల వల్ల పోయినదైతే, బ్యాంకు మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లోగా చెబితే మొత్తం నష్టం బ్యాంకుదే. ఏ విధంగా చూసినా, చెప్పిన నిమిషం నుంచే లెక్క మారుతుంది. అలాంటప్పుడు చెప్పడానికి వచ్చిన మనిషిని సిగ్గుపడేలా చేసే ప్రశ్న అడగడం అన్యాయం. కౌంటరు దగ్గర మొదట అడగాల్సింది "ఎన్ని గంటలకు జరిగింది?" అని. ఇంట్లో అయితే అది కూడా తర్వాత, ముందు వైఫై ఆపి, ఫోన్ తీసుకుని పక్కన కూర్చోవాలి. "చదువుకున్నోడివి, బుద్ధి లేదా" అనే కొడుకు తర్వాతిసారి తండ్రి నోరు తానే మూసినవాడవుతాడు. బెంగళూరులో, హైదరాబాదులో ఉన్న పిల్లలు ఈరోజే ఫోన్ చేసి "నాన్నా, ఏదైనా జరిగితే ముందు నాకు చెప్పు, నేనేమీ అనను" అని చెప్పండి. చెప్పి, ఆ మాట మీద నిలబడండి.

తెర ఇచ్చేశామని అర్థమైన వెంటనే ఇంటర్నెట్ తీసేయాలి. రౌటర్ ప్లగ్గు పీకండి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వాళ్లతో వాదించొద్దు. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి ఖాతా, కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. ఆ వెంటనే 1930. ఇది దేశమంతటికీ ఒకటే సైబర్ మోసాల నంబరు. మీ ఖాతా ఏ బ్యాంకుది, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, లావాదేవీ నంబరు ఎంత అని అడుగుతారు. యూపీఐ అయితే ఆ నంబరు పన్నెండు అంకెలు, మీ యాప్‌లోనే ఉంటుంది. వాళ్లు మీ బ్యాంకుకు, అక్కడి నుంచి డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం పంపిస్తారు. అక్కడ డబ్బు ఇంకా ఉంటే అక్కడే ఆపుతారు. దొంగలు దాన్ని ఖాతా నుంచి ఖాతాకు పరిగెత్తిస్తారు కాబట్టి గంటలో చేసిన ఫోన్‌కూ, రెండు రోజుల తర్వాత చేసిన ఫోన్‌కూ చాలా తేడా ఉంటుంది. సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ అనే సైట్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. దగ్గర్లోని ఏ పోలీస్ స్టేషన్‌కైనా వెళ్లొచ్చు, మా పరిధి కాదని పంపించకూడదు. కంప్యూటర్ ద్వారా వేరే పేరుతో నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది.

పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్‌లో కూర్చుని మార్చొద్దు, ఇంకో దాంట్లో మార్చండి. ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు. ఫోన్ రీసెట్ చేసేముందు మెసేజ్‌లు, కాల్ వచ్చిన నంబరు, యాప్ పేరు ఫొటోలు తీసి పెట్టుకోండి, పోలీసులకు కావాలి. ల్యాప్‌టాప్ అయితే యాప్ తీసేసినంత మాత్రాన నేను ధైర్యంగా తిరిగి ఇవ్వను. ఫైళ్లు వేరే తీసి, మొత్తం తుడిచి విండోస్ మళ్లీ వేస్తాను. మీరు ఏ షాపులో ఇచ్చినా అలాగే చేయమని అడగండి.

కొన్ని వారాలకు ఇంకో ఫోన్ వస్తుంది. పోయిన డబ్బు తెప్పిస్తాం, సైబర్ సెల్ నుంచి, లేదా లాయరు ఆఫీసు నుంచి అంటారు. మీ పేరు, పోయిన మొత్తం, తేదీ అన్నీ సరిగ్గా చెబుతారు, ఎందుకంటే మోసపోయినవాళ్ల జాబితాలు వాళ్ల మధ్య చేతులు మారుతుంటాయి. ఫీజు ముందు కట్టమంటారు. హెడ్మాస్టరు గారికీ వచ్చింది. ఈసారి ఆయన ఆ ఫోన్ పక్కన పెట్టి వెంటనే కొడుక్కి చేశారు. బ్యాంకుల్లో ఆగిన డబ్బు మీరిచ్చిన ఫిర్యాదు ద్వారా ఖాతాలోకే వస్తుంది. దానికోసం ఫోన్‌లో ఫీజు అడిగే ఆఫీసు ఏదీ లేదు.